‘చిన్న ఆయిల్ చెమటే’ అంటున్న బెంజ్ జీఎల్ 350 కొనొచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. గ్రానైట్ వ్యాపారం. నెలకు నాలుగైదు సార్లు హైదరాబాద్, అప్పుడప్పుడు చీమకుర్తి తిరుగుతుంటాను. ఇంట్లో ఏడుగురం. 2015 మోడల్ మెర్సిడెస్ జీఎల్ 350 సీడీఐ ఒకటి బేరానికి వచ్చింది. ఢిల్లీ రిజిస్ట్రేషన్, మీటర్లో 94 వేల కిలోమీటర్లు. కొత్త ఫార్చ్యూనర్‌కు పెట్టే డబ్బులో సగం కూడా అడగడం లేదు. నడిపి చూస్తే మతిపోయింది. మా మెకానిక్ కింద దూరి చూసి, ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య కొంచెం ఆయిల్ చెమట ఉందన్నాడు. అమ్మేవాళ్లేమో ‘రియర్ సీల్ అండీ, చిన్న పని, మేమే చేయించి ఇస్తాం’ అంటున్నారు. మా బావమరిది ‘బెంజ్ కొనడం ఎంతసేపు బావా, మేపడమే కష్టం’ అంటున్నాడు. అసలు ఈ ఇంజన్ ఎలాంటిది? ఏం రోగాలొస్తాయి? కొనమంటారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: ధర సంగతి తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో నాకు అనుమానం పుట్టించింది ఆ ‘రియర్ సీల్, చిన్న పని’ అనే మాట. రెండు కారణాలు. ఒకటి, రియర్ సీల్, అంటే ఇంజన్ వెనక క్రాంకు చివర ఆయిల్‌ను ఆపే రింగు, మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. అది ఏ బండికీ చిన్న పని కాదు. రెండోది అంతకంటే ముఖ్యం. ఈ ఇంజన్‌లో ఆ జాయింట్ దగ్గర కనబడే ఆయిల్ చాలాసార్లు రియర్ సీల్‌ది కానే కాదు. పైన ఇంజన్ మధ్యలో ఎక్కడో పుట్టి, వెనక గోడ వెంట జారి, గేర్‌బాక్స్ ఇంజన్‌కు బిగిసే చోట ఉండే బెల్ హౌసింగ్ అనే గుల్ల దగ్గర బయటపడుతుంది. కింద నుంచి చూసినవాడికి సీల్ పోయినట్టే ఉంటుంది. ఆ ఆయిల్ ఎక్కడ పుడుతోందో తేలేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.

ముందు ఇంజన్ గురించి చెబుతాను. అప్పుడు ఆ లీకేజీ ఎందుకొస్తుందో మీకే అర్థమవుతుంది.

మీ బండిలో ఉన్నది ఓఎం642 అనే డీజిల్ ఇంజన్. 2005లో వచ్చింది. ఆరు సిలిండర్లు, మూడేసి చొప్పున రెండు వరుసలు, వాటి మధ్య 72 డిగ్రీల కోణం. అంటే వీ6. మొత్తం 2,987 సీసీ, బోర్ (సిలిండర్ వెడల్పు) 83 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 92. బ్లాక్ అల్యూమినియం, లోపల కాస్ట్ ఐరన్ లైనర్లు. వరుసకు రెండేసి క్యామ్‌షాఫ్ట్‌లు, మొత్తం 24 వాల్వులు. వాటిని తిప్పేది చైన్. కాబట్టి ఇన్ని కిలోమీటర్లకు బెల్టు మార్చాలన్న బాధ లేదు. 72 డిగ్రీల వీ6కు సహజంగా ఉండే ఊపును చంపడానికి మధ్యలో ఒక బ్యాలెన్స్ షాఫ్ట్ పెట్టారు. టర్బో ఒక్కటే. లోపలి రెక్కలు కోణం మార్చుకునే రకం, రెండు వరుసల మధ్య వెనక వైపు కూర్చుంటుంది. మీ మోడల్లో 258 హార్స్‌పవర్, 620 న్యూటన్ మీటర్ల టార్క్. దాదాపు రెండున్నర టన్నుల బండి మీ కాలి కింద అంత తేలిగ్గా కదిలి మతిపోగొట్టిందంటే ఆ 620 వల్లే.

ఇంజన్‌గా ఇది గట్టిది. మెర్సిడెస్ కార్లలోనే కాదు, స్ప్రింటర్ వ్యాన్లలోనూ, జీప్ గ్రాండ్ చెరోకీలోనూ ఇదే వాడారు. 2005లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం లారెడో టెస్ట్ ట్రాక్ మీద మూడు ఈ 320 సీడీఐ కార్లను ఈ ఇంజన్‌తోనే 30 రోజులపాటు పరుగెత్తించారు. ఒక్కో కారు లక్ష మైళ్లు, అంటే 1.6 లక్షల కిలోమీటర్లు, సగటున గంటకు 224 కిలోమీటర్ల పైన వేగంతో. పిస్టన్లు, క్రాంకు, బేరింగులు ఎంత గట్టివో దాంతో తేలిపోయింది. కానీ ఒక సంగతి గమనించండి. ఆ నెల రోజులూ ఆ ఇంజన్లకు సిగ్నల్ దగ్గర ఆగే పని లేదు. చల్లారి మళ్లీ వేడెక్కే పనీ దాదాపు లేదు. ఢిల్లీలో పెరిగిన బండి సంగతి పూర్తిగా తిరగబడి ఉంటుంది. పొద్దున నాలుగు కిలోమీటర్లు ఆఫీసుకు, సాయంత్రం పెళ్లి హాలు బయట ఏసీ వేసుకుని డ్రైవర్ నిద్ర. మీరు చెప్పిన 94 వేలు పదేళ్లకు తక్కువే. కానీ మీటర్ కిలోమీటర్లు చెబుతుంది గానీ, ఇంజన్ నిలబడి తిరిగిన గంటలు చెప్పదు.

ఇక ఆయిల్ కూలర్ దగ్గరికి వద్దాం. సగం కథ అక్కడే ఉంది.

రెండు సిలిండర్ వరుసల మధ్య లోయలాంటి ఖాళీ ఉంటుంది కదా. ఆయిల్ కూలర్‌ను తీసుకెళ్లి ఆ లోయ అడుగున పెట్టారు. అదొక అల్యూమినియం డబ్బా. లోపల ఒక దారిలో ఆయిల్, మరో దారిలో కూలెంట్. ఇది బ్లాక్ మీద కూర్చునే చోట ఆయిల్ వచ్చే, పోయే దారులకు రబ్బరు సీళ్లు ఉంటాయి. పైన ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్, వెనక ఎర్రగా కాలే టర్బో, ఇరుపక్కలా సిలిండర్ హెడ్లు. వేడి పోవడానికి దారి లేదు. ఏళ్ల తరబడి ఆ వేడికి రబ్బరు గట్టిపడి, చదునైపోయి, ఆయిల్‌ను వదలడం మొదలుపెడుతుంది. ఆ ఆయిల్ లోయలో మడుగు కట్టి, వెనక నుంచి బెల్ హౌసింగ్ మీదికి దిగుతుంది. మీ మెకానిక్ చూసిన చెమట ఇదే కావచ్చు. మొదట్లో వచ్చిన సీళ్లు నారింజ రంగువి. తర్వాత వేడికి తట్టుకునే వైటాన్‌తో చేసిన ఊదారంగు సీళ్లు వచ్చాయి. ఎవరైనా ‘ఆ పని అయిపోయిందండీ’ అంటే ఏ రంగు సీళ్లు వేశారో అడగండి, బిల్లు చూపించమనండి. నిజంగా చేయించినవాడి దగ్గర రెంటికీ జవాబుంటుంది.

ఈ సీళ్ల ఖరీదు మొత్తం బిల్లులో వెతుక్కోవాల్సినంత తక్కువ. కూలీ మాత్రం బరువుగా ఉంటుంది. గాలి పైపులు, టర్బో, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ అన్నీ పైకి తీస్తే గాని కూలర్ కనబడదు. తెలిసిన చేతికి కూడా పూట పని కాదు. పైగా మ్యానిఫోల్డ్ తీశాక హెడ్లలో గాలి వెళ్లే రంధ్రాలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. వాటికి టేపు గానీ శుభ్రమైన గుడ్డ గానీ వెంటనే వేయాలి. అక్కడ ఒక్క నట్టు లోపలికి జారితే మీ చిన్న లీకేజీ హెడ్డు దించే పనైపోతుంది. అందుకే ఈ పని ‘మేమూ చూసుకుంటాం’ అనే వర్క్‌షాపులో వద్దు. ‘ఇవి చాలా చేశాం’ అనే చోట చేయించండి.

లీకేజీ ఎక్కడిదో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ఇంజన్ పై కవర్ తీసి, సన్నటి బోర్‌స్కోప్ కెమెరాను లోయలోకి దించితే మడుగు కనబడుతుంది. అది లేకపోతే బెల్ హౌసింగ్ పరిసరాలన్నీ శుభ్రంగా కడిగించి, ఆయిల్‌లో యూవీ డై (యూవీ వెలుతురులో మెరిసే రంగు) కలిపి, రెండు మూడు వందల కిలోమీటర్లు హైవే మీద తిప్పి, యూవీ లైటుతో పై నుంచి కిందికి చూడాలి. తడి ఎక్కడ మొదలైతే లీకు అక్కడే. అమ్మేవాళ్లు దీనికి ఒప్పుకోకపోతే ఆ బండి గురించి మీకు కావలసిన సమాచారం అక్కడితోనే దొరికినట్టు.

లోయ తెరిచినప్పుడు దాంతోపాటే చూడాల్సింది ఇంకొకటుంది. రోగాల్లో నేను దీన్ని రెండోదిగా లెక్కేస్తాను. ఇంజన్ లోపలి ఆవిరి, దాంతో వచ్చే ఆయిల్ తుంపర బ్రీదర్ దారిన టర్బోకు గాలి వెళ్లే గొట్టంలోకి చేరతాయి. ఆ గొట్టం టర్బోను కలిసే చోట ఒక రబ్బరు సీల్ ఉంటుంది. అది వదులైతే ఆయిల్ చుక్కలు సరిగ్గా కిందున్న ఒక చిన్న ఎలక్ట్రిక్ మోటార్ మీద పడతాయి. తక్కువ ఆర్పీఎంలో గాలిని సుడి తిప్పడానికి ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో స్విర్ల్ ఫ్లాప్‌లని చిన్న రెక్కలుంటాయి. వాటిని కదిపే మోటార్ అది. లోపలికి ఆయిల్ వెళ్లి మోటార్ చచ్చిపోతుంది. చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది, బండి లింప్ మోడ్‌లోకి, అంటే తనను కాపాడుకోవడానికి శక్తి తగ్గించుకునే స్థితిలోకి, పోతుంది, సూర్యాపేట దాటాక లారీని ఓవర్‌టేక్ చేద్దామంటే పికప్ ఉండదు. కొన్నిసార్లు మోటార్ బాగానే ఉండి, రెక్కల్ని కలిపే ప్లాస్టిక్ లింకులు అరిగో విరిగో ఉంటాయి. అప్పుడు మ్యానిఫోల్డే మార్చాలి.

దీనికి మన దగ్గరా బయటా ఒక అడ్డదారి వైద్యం బాగా నడుస్తుంది. మోటార్ కనెక్టర్ పీకేసి, అక్కడ రూపాయి రెండు రూపాయల రెసిస్టర్ పెడతారు. కంప్యూటర్‌కు మోటార్ ఉన్నట్టే అనిపిస్తుంది, లైటు ఆరిపోతుంది, స్కానర్ పెట్టినా ‘నో ఫాల్ట్’ వస్తుంది. బండి నడుస్తుంది కూడా. కాకపోతే కింది ఆర్పీఎంలో గాలి సరిగ్గా కలవక మసి పెరుగుతుంది. కాబట్టి ‘స్కాన్ రిపోర్ట్ క్లీన్’ అని కాగితం చూపిస్తే సంతోషించకండి. మెర్సిడెస్ సాఫ్ట్‌వేర్ ఉన్న మనిషితో ఆ మోటార్‌ను యాక్చుయేషన్ టెస్టులో కదిలించి చూడమనండి. వైరు దగ్గర టేపు చుట్టిన ముడి ఏదైనా ఉందేమో టార్చి వేసి వెతకమనండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. చలిలో స్టార్ట్ కావడానికి సిలిండర్లను వేడిచేసే గ్లో ప్లగ్గులు అల్యూమినియం హెడ్‌లో బిగుసుకుపోతాయి. విప్పబోతే విరుగుతాయి. ఖమ్మం ఎండల్లో వాటితో స్టార్టింగ్‌కు పెద్ద అవసరం లేదని వదిలేసేవాళ్లున్నారు. మార్చాల్సి వస్తే మాత్రం ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు, ఓపిగ్గా తీసేవాడితోనే తీయించండి. ఇంజెక్టర్ కింద రాగి వాషర్ వదులైతే ‘చఫ్ చఫ్’ మని గాలి చప్పుడు వస్తుంది, చుట్టూ తారులాంటి నల్ల పెంకు పేరుకుంటుంది. తొందరగా పట్టుకుంటే వాషర్‌తో పోతుంది, నిర్లక్ష్యం చేస్తే ఇంజెక్టరే ఊడిరాదు. పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్‌లో మసి పట్టడం డీజిల్‌కు మామూలే. మొదటి ఏళ్ల ఇంజన్లలో ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ లోపలి వెల్డింగ్ తునకలు ఊడి టర్బోను కొట్టేవి, మీ 2015 బండికి ఆ భయం అక్కర్లేదు. చైన్ గట్టిదే, కానీ ఆయిల్ ఆలస్యంగా మార్చిన బండిలో దేన్నీ నమ్మలేం.

డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, గురించి ఒక మాట. చాసిస్ నంబర్‌తో డేటా కార్డ్ తీయించి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు మీ బండికి అది ఉందో లేదో చూడండి. కాగితం మీద ఉండి, బండి కింద ఖాళీ డబ్బా ఉంటే ఎవరో లోపలిది పీకేసి సాఫ్ట్‌వేర్ మార్చారని అర్థం. అలాంటి బండి వద్దు. డీపీఎఫ్ ఉన్న బండి అయితే హైవే తిరుగుళ్లే దానికి మందు. మసి కాలి బూడిద కావాలంటే ఎగ్జాస్ట్ బాగా వేడెక్కాలి, అది ఊళ్లో జరగదు.

ఇంటర్నెట్‌లో ఈ ఇంజన్ పేరు కొడితే అమెరికా ఓనర్ల యాడ్‌బ్లూ (పొగను శుభ్రం చేయడానికి పోసే ద్రవం), నాక్స్ సెన్సర్ గోడు పుట్టలు పుట్టలుగా వస్తుంది. చూసి బెదరకండి. అక్కడ ఆ గోడు పెట్టేవి యాడ్‌బ్లూ వాడే బ్లూటెక్ రకాలు. ఉద్గారాల వ్యవహారంలో 2020 సెప్టెంబర్‌లో కంపెనీ అక్కడి ప్రభుత్వంతో సుమారు 150 కోట్ల డాలర్లకు సెటిల్ చేసుకుంది కూడా. మీరు చూసిన బండి సీడీఐ. దాని బాధలు వేరు.

మెర్సిడెస్ కూడా 2017 నుంచి పెద్ద డీజిళ్లకు వీ6 వదిలేసి, ఓఎం656 అనే స్ట్రెయిట్ సిక్స్‌కు మారింది. మనకు 2020లో వచ్చిన జీఎల్ఎస్ 400డీలో ఉన్నది అదే. 2,925 సీసీ, 330 హార్స్‌పవర్, 700 న్యూటన్ మీటర్లు. ఆరు సిలిండర్లూ ఒకే వరుసలో ఉండేసరికి మధ్యలో లోయే లేదు. ధర మాత్రం మీ బడ్జెట్‌కు ఆమడ దూరం.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. హైదరాబాద్ రోడ్డు మీద, ఇంటిల్లిపాదితో, నెలకు నాలుగైదు సార్లు అంటే ఈ ఇంజన్‌కు ఇంతకంటే మంచి వాడకం లేదు. ఆ లెక్కన కొనొచ్చు. క్వారీల్లోకి రోజూ తీసుకెళ్లేటట్టయితే మీ బావమరిదే కరెక్ట్. గ్రానైట్ దుమ్ము ఎయిర్ ఫిల్టర్ డబ్బా అంచుల్లోంచి కాస్త దూరినా టర్బో రెక్కలకు సానపట్టినట్టే. క్వారీకి బొలేరో ఉంచుకోండి.

బేరం ఇలా చేయండి. ‘మేమే చేయించి ఇస్తాం’ అన్నది ఒప్పుకోవద్దు. డీజిల్ పోసి కడిగి, తుడిచి, కింద మెరిసేలా చేసి ఇస్తే మీకు తేడా తెలియడానికి వెయ్యి కిలోమీటర్లు పడుతుంది. లీకేజీ లోయలోంచే అని తేలితే, హైదరాబాద్‌లో ఈ బండ్లు చేసే రెండు చోట్ల ఎస్టిమేట్ రాయించుకోండి. అందులో కూలర్ సీళ్లు, మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్లు, టర్బో దగ్గరి సీల్, స్విర్ల్ మోటార్ అన్నీ ఉండాలి. రెంటిలో ఎక్కువగా ఉన్న అంకె ధరలోంచి తగ్గించమనండి. పని మీరే, మీకు నమ్మకమున్న చోట చేయించుకోండి. ఎయిర్ సస్పెన్షన్ కోసం కూడా కొంత పక్కన పెట్టుకోండి. రాత్రి ఆపిన బండి పొద్దునకు ఒక మూల కూలబడి కనిపిస్తే అది వేరే ఖర్చు. గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే అనుకోండి.

ధర ఎందుకింత తక్కువ అన్నది మీకు తెలిసే ఉంటుంది. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల వల్ల అక్కడి డీజిల్ లగ్జరీ బండ్లు దక్షిణాదికి దిగుతున్నాయి. ఆ నిబంధనలు తర్వాత కూడా మారుతూ వస్తున్నాయి. అందుకే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) చేతికొచ్చాకే పెద్ద మొత్తం ఇవ్వండి. లోన్ క్లియరెన్స్, చలాన్లు చూసుకోండి. ఖమ్మం ఆర్టీఓ ఆఫీసుకు ఆర్సీ కాపీ తీసుకెళ్లి లైఫ్ ట్యాక్స్ ఎంతవుతుందో ముందే లెక్క కట్టించుకోండి. కొత్తలో ముప్పావు కోటి పలికిన బండి ఇది. మీరు చవగ్గా కొన్నారని ట్యాక్స్ చవగ్గా పడదు.

కొన్నాక ఒక్క విషయంలో మొండిగా ఉండండి. ఇంజన్ ఆయిల్ డబ్బా మీద ఎంబీ 229.51 గానీ 229.52 గానీ రాసి ఉండాలి. సుమారు 8 లీటర్లు పడుతుంది. పదివేల కిలోమీటర్లకో, ఏడాదికో, ఏది ముందైతే అది. కంప్యూటర్ ఇంకా టైముందన్నా సరే మార్చేయండి.

మళ్లీ బండి చూడ్డానికి వెళ్లేముందు ఫోన్ చేసి ‘మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు’ అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే టీ తాగి మాటలాడి వచ్చేయండి, మరో రోజు చెప్పకుండా వెళ్లండి. చల్లగా ఉంటే మీ మెకానిక్‌ను ముందు నిలబెట్టి, మీరు వెనక సైలెన్సర్ దగ్గర నిలబడి స్టార్ట్ చేయించండి. మొదటి రెండు మూడు సెకన్లలో చైన్ గలగల వినబడిందా, పొగ నీలంగా వచ్చిందా నల్లగా వచ్చిందా, ఇంజన్ తడబడిందా అన్నవి చూసుకోండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద నిండా తొక్కి ఒకసారి వంద దాటించండి. లింప్ మోడ్‌లో పడే బండి సాధారణంగా అక్కడే పడుతుంది. తిరిగొచ్చి ఇంజన్ ఆపకుండా ఆయిల్ మూత వదులు చేసి చూడండి. ఆవిరి కొద్దిగా రావడం మామూలే, మూత గంతులేస్తుంటే మాత్రం ఇంజన్ లోపలే అరిగిందని అర్థం, సీళ్ల సంగతి మాట్లాడాల్సిన పని కూడా లేదు, వేరే బండి వెతుక్కోండి.